యూరప్ తన మనిషిని తానే పంపి ఉంటే: ఆర్పీ-1 ఆటపై సమీక్ష

కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ 2015లో పూర్తి రూపంలో విడుదలైన కంప్యూటర్ ఆట. దానిని మెక్సికోకు చెందిన స్క్వాడ్ సంస్థ తయారుచేసింది. కొన్నప్పుడు మనకు దక్కేది ఒక కల్పిత గ్రహం, దాని మీద తిరిగే పచ్చని బుల్లి మనుషులు, పిల్లల దిమ్మల్లా ఒకదానిపై ఒకటి పేర్చుకోగల రాకెట్ భాగాలు. ఈ ఆట మీద ఔత్సాహికులు ఏళ్ల తరబడి శ్రమించి ఉచితంగా అందిస్తున్న మూడు పొరలున్నాయి. రియల్ సోలార్ సిస్టమ్ అనే పొర ఆ కల్పిత గ్రహాన్ని తీసేసి అసలు భూమిని, అసలు దూరాలను తెచ్చిపెడుతుంది. రియలిజం ఓవర్‌హాల్ ఇంజిన్లకు నిజమైన బరువులను, ఇంధనాలను, వాటితోపాటు లోపాలను ఇస్తుంది. ఆర్పీ-1 అయితే 1951 జనవరి 1 నాటి ఒక పేద అంతరిక్ష సంస్థను మన చేతిలో పెట్టి, డబ్బు, సిబ్బంది, పరిశోధన, ప్రయోగ వేదికలు అన్నీ మనమే సమకూర్చుకోమంటుంది. మూడేళ్లుగా నేను ఆడుతున్నది ఈ మూడూ కలిసిన రూపాన్నే. దీనిని ఇక్కడ ఒకే ప్రశ్న దగ్గర నిలబెట్టి పరీక్షిస్తాను: యూరప్ తన మనిషిని తన రాకెట్‌లో అంతరిక్షానికి పంపి ఉండగలిగేదా? పంపి ఉంటే ఎప్పుడు, దేని మీద?

ఈ ప్రశ్న ఊరికే పుట్టింది కాదు. 1965 నవంబర్ 26న ఫ్రాన్స్ అల్జీరియా ఎడారిలోని హమ్మగీర్ నుంచి డియామాన్ రాకెట్‌తో ఆస్టెరిక్స్ ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టి, సోవియట్ యూనియన్, అమెరికాల తర్వాత సొంత రాకెట్‌తో ఆ పని చేసిన మూడో దేశమైంది. 1971 అక్టోబర్ 28న బ్రిటన్ ఆస్ట్రేలియాలోని వూమెరా నుంచి బ్లాక్ ఆరో రాకెట్‌తో ప్రాస్పెరో ఉపగ్రహాన్ని ప్రయోగించింది. ఆ కార్యక్రమాన్ని రద్దు చేస్తున్నట్టు అంతకు మూడు నెలల ముందే ప్రకటించింది కూడా. అంతటి చేయి తిరిగిన ఇంజినీర్లున్న ఖండం నుంచి 1978లో చెకోస్లొవేకియాకు చెందిన వ్లాదిమీర్ రెమెక్, 1982లో ఫ్రాన్స్‌కు చెందిన జాన్ లూ క్రెతియెన్, 1983లో పశ్చిమ జర్మనీకి చెందిన ఉల్ఫ్ మెర్బోల్డ్ అంతరిక్షానికి వెళ్లారు. మొదటి ఇద్దరూ సోవియట్ వాహనంలో, మూడో ఆయన అమెరికా వాహనంలో వెళ్లారు. నేటికీ పశ్చిమ యూరప్ వ్యోమగాములు ఇతరుల వాహనంలోనే వెళ్తున్నారు. చరిత్ర ఎక్కడ మలుపు తిరిగి ఉంటే ఇలా జరగకుండా ఉండేదో వెతకడానికి నాకు దొరికిన సాధనాలలో ఆర్పీ-1ను మించినది లేదు. అది ఎక్కడ చాలదో కూడా చెప్పవలసి ఉంది.

ముందు కొనేవారికి పనికివచ్చే మాట. సీకాన్ అనే ఉచిత సాధనంలో ఆర్పీ-1 ఎక్స్‌ప్రెస్ ఇన్‌స్టాల్ ఎంచుకుంటే భాగాలన్నీ వాటంతట అవే దిగుతాయి. 8 జీబీ ర్యామ్ ఉన్న నా పాత కంప్యూటర్ మాత్రం దీనిని తెరవనేలేదు. 32 జీబీ చేరిన తర్వాతే ఆట సాఫీగా నడిచింది. అప్పటికీ ఆట తెరుచుకునేలోగా ఒక కాఫీ తాగి రావచ్చు.

ఆట 1951లో మొదలవడం వల్ల ఒక మంచి అవకాశం చేజారుతుంది. బ్రిటిష్ ఇంటర్‌ప్లానెటరీ సొసైటీకి చెందిన రాల్ఫ్ స్మిత్ 1946లోనే జర్మన్ వీ-2 రాకెట్‌ను కొంత వెడల్పు చేసి, దాని ముక్కులో ఒక మనిషిని కూర్చోబెట్టి, అంతరిక్షపు అంచు దాటించి దించవచ్చని మెగారాక్ అనే ప్రతిపాదనను బ్రిటన్ ప్రభుత్వం ముందు పెట్టాడు. ప్రభుత్వం దానిని తోసిపుచ్చింది. ప్రత్యామ్నాయ చరిత్రకు అంతకన్నా చక్కని మొదటి అధ్యాయం ఉండదు. ఆట గడియారం అయిదేళ్లు ముందుగా మొదలై ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

మొదటి ఆటలో నేను వూమెరాను స్థావరంగా ఎంచుకుని, బ్లూ స్ట్రీక్ చుట్టూ నడిచాను. బ్లూ స్ట్రీక్ బ్రిటన్ క్షిపణిగా తలపెట్టి, 1960 ఏప్రిల్‌లో క్షిపణిగా వదిలేసిన రాకెట్. దాని ట్యాంకు గోడ దాదాపు అర మిల్లీమీటరు మందం ఉన్న ఉక్కు రేకు. లోపల పీడనం లేకపోతే తన బరువును తానే మోయలేదు, గాలి తీసిన బంతిలా నలిగిపోతుంది. కిరోసిన్, ద్రవ ఆక్సిజన్‌లతో మండే దాని రెండు ఆర్‌జెడ్-2 ఇంజిన్లను రోల్స్‌రాయిస్ సంస్థ అమెరికా రాకెట్‌డైన్ ఎస్-3 ఇంజిన్ ఆధారంగా రూపొందించింది. ఆటలో నేను ఆ కుటుంబపు ఇంజిన్లు రెండింటిని జతచేశాను. ఇక్కడ ఆర్పీ-1 గొప్పతనం తెలుస్తుంది. మూడు మీటర్ల వ్యాసమున్న ట్యాంకు కావాలంటే ముందుగా ఆ కొలతకు అచ్చులు, పరికరాలు తయారుచేసుకోవాలి. దానికయ్యే ఖర్చు ట్యాంకు ఖర్చుకు ఎన్నో రెట్లు. ఒకసారి పెట్టిన తర్వాత ఆ వ్యాసాన్ని వదలబుద్ధి కాదు. నిజమైన కర్మాగారాలు పాత కొలతలనే ఎందుకు పట్టుకు వేలాడతాయో నాకు మొదటిసారి బోధపడింది ఈ లెక్క వల్లనే.

ఇంకో సంగతిని దగ్గరగా చూపిస్తాను. మొదటి దశ పని పూర్తిచేసి విడిపోయిన క్షణంలో రాకెట్‌కు తోపు ఆగిపోతుంది. సగం నిండిన నీళ్ల బిందెతో ఆటోలో వెళ్తుండగా డ్రైవరు ఒక్కసారి బ్రేకు వేస్తే నీళ్లు ఎలా ఎగసిపడతాయో, రెండో దశ ట్యాంకులో ఇంధనం అలాగే అడుగు వదిలి చెల్లాచెదురవుతుంది. గొట్టం నోటికి ద్రవానికి బదులు వాయువు అందుతుంది, ఇంజిన్ వెలగదు. ఆటలో ఈ స్థితిని ఒక చిన్న సూచిక చూపిస్తుంది. ఇంధనం నిలకడగా లేదని అది చెబుతుండగానే తొందరపడి మీట నొక్కాను. ఆ ఇంజిన్‌కు ఉన్న ఒకే ఒక్క జ్వలన అవకాశం అక్కడితో వృథా అయింది. ఆట కాలంలో పది నెలలపాటు కట్టిన రాకెట్ ఎడారిలో పడిపోయింది. రెండో దశకు పక్కనే రెండు చిన్న ఘన ఇంధన మోటార్లు కట్టి, అవి ఇంధనాన్ని ట్యాంకు అడుగుకు చేర్చిన తర్వాత ప్రధాన ఇంజిన్ వెలిగించడం నేర్చుకున్నాకే ఆ దశ పనిచేసింది. ఇంజిన్ల విశ్వసనీయత కూడా ఎగరేసిన కొద్దీ, పరీక్షించిన కొద్దీ పెరుగుతుంది తప్ప డబ్బు పోసి కొనుక్కునేది కాదు. 1980 మే నెలలో, యూరప్ దేశాల ఉమ్మడి రాకెట్ అరియాన్ తన రెండో ప్రయోగంలో ఒక వైకింగ్ ఇంజిన్‌లో పుట్టిన దహన అస్థిరత (మంట నిలకడ తప్పడం) వల్ల కూలిపోయిన తర్వాత ఆ ఇంజిన్‌ను ఎంత ఓపికగా సరిదిద్దుకొని ఉంటారో ఈ ఆట ఆడినవారికి విడమరచి చెప్పనక్కరలేదు.

మొదటి ఆట ఫలితం చెబుతాను. 1966 అక్టోబర్‌లో ఒకే మనిషి కూర్చునే, దాదాపు 1.4 టన్నుల గుళిక కక్ష్యలోకి వెళ్లి మూడు చుట్లు తిరిగి హిందూ మహాసముద్రంలో దిగింది. అమెరికా మెర్క్యురీ గుళిక బరువూ ఇంచుమించు అంతే. దానిని మోసిన అట్లాస్ రాకెట్‌ది కూడా బ్లూ స్ట్రీక్ లాంటి పలుచని ఉక్కు ట్యాంకే. ఇంజినీరింగు లెక్క ప్రకారం చూస్తే, తగినంత బలమైన రెండో దశ దొరికితే బ్లూ స్ట్రీక్ మనిషిని మోయగలిగేదన్న నిర్ణయానికి నేను వచ్చాను. ఇంత సులువుగా వచ్చిన ఈ జవాబే ఆటలోని అసలు లోపాన్ని నాకు పట్టిచ్చింది.

ఆర్పీ-1లో సంస్థ ఒకటి, ఖజానా ఒకటి, నిర్ణయించే చేయి ఒకటి. 1960లలో యూరప్‌కు లేనిది సరిగ్గా అదే. ఎల్డో అనే యూరోపియన్ రాకెట్ సంస్థలో బ్రిటన్, ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్ సభ్యదేశాలు. ప్రయోగ స్థలం ఇచ్చిన ఆస్ట్రేలియా వాటికి తోడు. యూరోపా రాకెట్‌లో మొదటి దశ బ్రిటన్‌ది, కోరలీ అనే రెండో దశ ఫ్రాన్స్‌ది, ఆస్ట్రిస్ అనే మూడో దశ పశ్చిమ జర్మనీది, పరీక్షా ఉపగ్రహం ఇటలీది. ప్రతి దేశం తన భాగాన్ని తన ప్రభుత్వ సొమ్ముతో, తన గుత్తేదారులతో తయారుచేసుకుంది. రాకెట్ మొత్తానికి బాధ్యత వహించి, ఎవరి పని బాగాలేదో మొహం మీద చెప్పగల అధికారి ఎవరూ లేరు. 1964 జూన్‌లో మొదటిసారి ఎగిరిన బ్లూ స్ట్రీక్ ఆ తర్వాత కూడా తన వంతు పని చేస్తూనే ఉంది. 1967లో రెండుసార్లు రెండో దశ తన పని మొదలుపెట్టనేలేదు. 1968, 1969లలో మూడో దశ చేతులెత్తేసింది. 1970 జూన్‌లో మూడు దశలూ పనిచేశాయి గాని, ఉపగ్రహం మీది తొడుగు ఊడకపోవడంతో ఆ అదనపు బరువుకు రాకెట్ కక్ష్యను అందుకోలేకపోయింది. 1971 నవంబర్ 5న దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానాలో ఉన్న కూరూ నుంచి ఎగిరిన యూరోపా-2లో స్థిర విద్యుత్తు వల్ల మార్గనిర్దేశక కంప్యూటర్ ఆగిపోయి, రెండున్నర నిమిషాలకు రాకెట్ ముక్కలైంది. ఈ వైఫల్యాల్లో చాలావరకు ఒక భాగం మరో భాగాన్ని కలిసే అతుకుల దగ్గర పుట్టినవే. ఆర్పీ-1లో ఇంజిన్ చెడిపోతుంది, ఇంధనం చెదిరిపోతుంది, వ్యోమగామికి వయసు మీదపడి విరమించుకుంటాడు. కాని రెండు దేశాల తీగలు ఒకదానితో ఒకటి కుదరకపోవడం అనే ప్రమాదం ఉండదు.

అందుకని రెండో ఆటకు నేనే నియమాలు పెట్టుకున్నాను. ఒక నోటు పుస్తకంలో మూడు గడులు గీసి, వచ్చిన ప్రతి రూకను మూడు ఖజానాలుగా విడదీశాను. ఒక దశకు మిగిలిన సొమ్మును ఇంకో దశకు మళ్లించకూడదు. దశలను విడివిడిగానే పరీక్షించాలి. మూడూ సిద్ధమయ్యేదాకా కలిపి ఎగరేయకూడదు. ప్రతి ఏడాది చివర పాచిక వేస్తాను. ఒకటి పడితే ఒక దేశం ఆ ఏటి నుంచి సొమ్ము ఆపేస్తుంది. 1968లో బ్రిటన్ ఎల్డోకు ఇక అదనపు సొమ్ము ఇవ్వబోనని ప్రకటించినదానికి ఇది నా ప్రతిరూపం. ఫలితం మొదటి ఆటకు పూర్తిగా భిన్నంగా వచ్చింది. 1970 వచ్చేసరికి కక్ష్యలో నా ఉపగ్రహాలు రెండే ఉన్నాయి. మనిషి మాట అటుంచి, కోతిని పంపే స్థోమత కూడా లేదు. అవే ఇంజిన్లు, అదే వూమెరా, అదే నేను. ఈ నియమాలను ఎవరైనా ఆటలో భాగంగా చేరిస్తే యూరప్ చరిత్రను ఆడదలచినవారికి అంతకన్నా మేలు ఉండదు.

1973 జులైలో బ్రస్సెల్స్‌లో కుదిరిన ఒప్పందంతో యూరప్ దేశాలు ఈ పద్ధతిని వదిలేశాయి. అరియాన్ రాకెట్ పగ్గాలు ఫ్రాన్స్ చేతికి వచ్చాయి, సొమ్ములో పెద్ద వాటా కూడా అదే భరించింది. 1975లో యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ ఏర్పడింది, 1979 డిసెంబర్ 24న అరియాన్-1 తొలి ప్రయత్నంలోనే కక్ష్యకు చేరింది. నా రెండో ఆటలోనూ అక్కడికి రాగానే మూడు గడుల పుస్తకాన్ని మూసేశాను. అక్కడి నుంచి ఆట మళ్లీ నిజానికి దగ్గరగా నడిచింది.

తర్వాతి ప్రలోభం హెర్మెస్. రెక్కలున్న చిన్న వ్యోమనౌకను అరియాన్-5 తలపై పెట్టి పంపాలన్న ఫ్రెంచి ఆలోచనకు 1987 నవంబర్‌లో హేగ్ నగరంలో యూరప్ మంత్రులు ఆమోదం తెలిపారు, 1992లో అది ఆగిపోయింది. 1986లో అమెరికా వ్యోమనౌక చాలెంజర్ ప్రమాదం తర్వాత ప్రాణరక్షణ ఏర్పాట్లు చేరేకొద్దీ బరువు 20 టన్నులు దాటింది, ఆరుగురు అనుకున్న సిబ్బంది ముగ్గురయ్యారు. ఈ కథను నేను చాలాసార్లు చదివాను గాని, ఎందుకలా జరిగిందో ఒంటికి తెలిసింది మాత్రం ఆటలోనే. బాణానికి ఈకలు వెనక ఉంటే తిన్నగా పోతుంది, ముందుకు కట్టి వదిలితే తిరగబడుతుంది. రాకెట్ ముక్కు మీద రెక్కలు పెట్టడం ఆ రెండో పనే. దాదాపు 12 కిలోమీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి బాగా హెచ్చిన చోట నా రాకెట్ రెండు డిగ్రీలు పక్కకు వాలిందో లేదో, రెక్కలు గాలిని పట్టి దానిని అడ్డంగా తిప్పేశాయి. ఆపాలంటే ఇంజిన్లు మరింత గట్టిగా తిప్పుకోవాలి, రాకెట్ నడుము బలంగా ఉండాలి, అంటే ఇంకొంత బరువు చేరాలి. నాలుగు రాకెట్లు పోగొట్టుకుని హెర్మెస్‌ను పక్కన పెట్టాను.

అప్పుడు నా చూపు అరియాన్-4 మీద పడింది. 1988 జూన్‌లో మొదలై 2003 ఫిబ్రవరి దాకా 116 సార్లు ఎగిరి 113 సార్లు గెలిచిన రాకెట్ అది. దాని అత్యంత బలమైన రూపం దిగువ కక్ష్యకు ఏడు టన్నులు మోయగలదు. మనుషులను మోసే రష్యా సోయజ్ వ్యోమనౌక బరువు దాదాపు అంతే. గుళిక సంగతి చూస్తే, యూరప్ 1998 అక్టోబర్ 21న 2.8 మీటర్ల వ్యాసంతో అమెరికా అపోలో గుళిక ఆకారంలో ఉన్న ఏఆర్‌డీ అనే పరీక్షా గుళికను అరియాన్-5 మీద పంపి, పసిఫిక్ సముద్రంలో క్షేమంగా దించుకుంది. అంటే మోసే రాకెట్ ఉంది, తిరిగిరాగల గుళిక పరిజ్ఞానమూ ఉంది, ఆ రెండింటినీ కలిపే నిర్ణయమే రాలేదు. వైకింగ్ ఇంజిన్ విషపూరిత ఇంధనాలతో మండుతుందనే అభ్యంతరం చెప్పేవారుంటారు. ఆ కోవకే చెందిన ఇంధనాలతో అమెరికా టైటాన్-2 రాకెట్ 1965, 1966లలో పదిసార్లు జెమిని నౌకల వ్యోమగాములను మోసింది. చైనా షెన్‌జౌ నౌకలు వెళ్లేదీ అటువంటి రాకెట్ మీదనే. నా దృష్టిలో యూరప్ చేజార్చుకున్న అవకాశం హెర్మెస్ కాదు, అరియాన్-4 మీద ఒక మామూలు గుళిక.

ఇక్కడ తెలుగువారికి ఇంకో ఆసక్తి ఉంది. 1974లో ఇస్రో, ఫ్రాన్స్‌కు చెందిన ఎస్‌ఈపీ సంస్థతో ఒప్పందం చేసుకుని, నంబి నారాయణన్ నాయకత్వంలోని మన ఇంజినీర్లను వెర్నాన్ నగరానికి పంపింది. వాళ్లు అక్కడ వైకింగ్ మీద పనిచేసి నేర్చుకొచ్చిన విద్యే మన వికాస్ ఇంజిన్. అసలు వైకింగ్ అరియాన్-4తోపాటు 2003లో విశ్రాంతి తీసుకుంది. వికాస్ మాత్రం ఈనాటికీ శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ రెండో దశలో మండుతోంది. 2023 జులైలో చంద్రయాన్-3ను మోసిన ఎల్‌వీఎం-3 మధ్య దశలో రెండు వికాస్‌లు ఉన్నాయి. గగన్‌యాన్‌కు సిద్ధమవుతున్నదీ ఆ రాకెట్టే. 2021 జులైలో మహేంద్రగిరిలో మానవ ప్రయాణానికి తగ్గట్టు మలచిన వికాస్‌ను 240 సెకన్లపాటు మండించి పరీక్షించారు. యూరప్ తన మనుషుల కోసం వాడుకోని ఇంజిన్ వంశం మన వ్యోమగాములను మోయడానికి తయారవుతోందన్నమాట. నా ఆటలో నాలుగు వైకింగ్‌లు ఒక్కసారిగా వెలిగినప్పుడు నాకు కూరూ కన్నా పులికాట్ తీరమే ముందు గుర్తుకొస్తుంది.

కొనదలచినవారికి మరికొన్ని మాటలు. ఆట ఇంగ్లీషులోనే నేర్చుకోవాలి. మొదటి రెండు నెలలు వైఫల్యమే తప్ప మరొకటి కనిపించదు. సిబ్బందికి శిక్షణ, వేదిక నిర్మాణం వంటివి ఆట కాలంలో నెలలు, ఏళ్లు పడతాయి. గడియారం వేగంగా తిప్పుకోవచ్చు గాని తొందరపాటుకు తగ్గ మూల్యం తప్పదు. ప్రయోగ వేదిక కట్టించేటప్పుడే అది మనుషుల కోసమా కాదా అని ఆట అడుగుతుంది, అవునంటే ఖర్చు బాగా పెరుగుతుంది. ఆ ఒక్క గడిలో గుర్తు పెట్టడానికి నేను రెండు రోజులు ఆలోచించాను. మంత్రుల సమావేశాల్లో అలాంటి గడి ముందే యూరప్ ఎన్నిసార్లు ఆగిపోయిందో తెలిసినవారికి ఆ సంకోచం అర్థమవుతుంది. ఇంజినీరింగు, గణితం చదివే పిల్లలకు, ఓపిక ఉన్న పెద్దలకు దీనిని మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. సాయంత్రం అరగంట కాలక్షేపం కోరేవారు అసలు ఆటను ఉన్నది ఉన్నట్టుగా ఆడుకోవడం మేలు.

ప్రస్తుతం నా రెండో ఆటలో 1990 ఫిబ్రవరి నడుస్తోంది. కూరూ వేదిక మీద అరియాన్-4, దాని తలపై ఇద్దరు కూర్చునే గుళిక నిలబడి ఉన్నాయి. వ్యోమగాముల శిక్షణ ముగియడానికి ఇంకా 41 రోజులు చూపిస్తోంది. క్రితం వారం మనుషులు లేకుండా పంపిన గుళిక క్షేమంగానే దిగింది గాని, ఒక పారాచూట్ అనుకున్నదానికన్నా ఆలస్యంగా తెరుచుకుంది. అది ఎందుకో కనిపెట్టి, ఇంకోసారి ఖాళీగా పంపి చూసేదాకా ఆ ఇద్దరినీ ఎక్కించను.